రివాల్వర్ల గురినీ ఒడుపునూ పోల్చే పద్ధతిపై సర్వసభ్య సమావేశ తీర్మానం

సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం కోరం సరిపోయిందని నిర్ధారించుకున్న తరువాత, అధ్యక్షుల అనుమతితో కార్యదర్శి ఈ తీర్మానాన్ని ప్రవేశపెట్టారు. రేంజి అధికారి బలపరిచారు. సుదీర్ఘ చర్చ, కొన్ని సవరణల అనంతరం, చివర నమోదు చేసిన రెండు అసమ్మతులు మినహా సభ ఆమోదించింది. ఆమోదించిన పాఠం ఇది.

పూర్వరంగం

చేతి తుపాకీకి లైసెన్సు ఉన్న మన సభ్యుల్లో ఎక్కువ మంది దగ్గర ఉన్నది .32 బోరు రివాల్వరే. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారైన పాత రివాల్వర్ కొందరిది. 2014లో అక్కడి ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ విడుదల చేసిన నిర్భీక్ కొందరిది. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో తయారవుతున్న రివాల్వర్ కొన్నవారూ ఉన్నారు. 2023లో వచ్చిన ప్రహార్ వైపు చూస్తున్నవారు మరికొందరు. వీటిలో ఏది గురికి మంచిది, ఏది చేతికి మంచిది అన్న వాదన రేంజి దగ్గర టీ తాగే వేళల్లో మొదలై, కొన్నిసార్లు మాటామాటా పెరిగే దాకా వెళ్తోందని రేంజి అధికారి సభ దృష్టికి తెచ్చారు.

ఈ వాదన ఇంత పదునెక్కడానికి ఒక కారణం ఉందని సభ భావిస్తోంది. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ఆయుధాల చట్టం సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల ఆయుధాల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. పోటీ షూటర్లకు వేరే వెసులుబాట్లు ఉన్నా మనలో అత్యధికులు ఆ కోవలోకి రారు. ఉన్న రెండింటిలో ఒకటి తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ అయితే, దాన్ని వదులుకోవడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోతే, మిగిలేది ఒక్కటే చోటు. ఆ చోట్లోకి వచ్చే రివాల్వర్ నచ్చకపోతే మార్చుకోవడం చొక్కా మార్చుకున్నంత సులువు కాదు. అనుమతులు కావాలి, కొనేవారు కావాలి, కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి. అందుకే కొత్త సభ్యుడు పాత సభ్యుణ్ణి అడుగుతాడు. పాత సభ్యుడు తన దగ్గరున్నదాన్నే మెచ్చుకుంటాడు.

ఆ మెచ్చుకోలు దేని మీద నిలబడిందో చూస్తే, చాలా సందర్భాల్లో ఒక్క మంచి టార్గెట్ కాగితం మీద. పర్సులో మడిచి పెట్టుకున్న ఆ కాగితం మీద అయిదు రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అదే పూట పేల్చిన తక్కిన కాగితాలు చెత్తబుట్టలోకి పోయి ఉంటాయి. ఒకే రివాల్వర్‌తో, ఒకే చేత్తో, ఒకే పూట పేల్చిన రెండు అయిదు గుళ్ల గ్రూపుల్లో ఒకటి రెండోదానికి ఒకటిన్నర రెట్లు ఉండటం వింతేమీ కాదు. అలాంటప్పుడు ఒక్క గ్రూపును చూపించి రెండు రివాల్వర్ల మధ్య తీర్పు చెప్పడం చెల్లదని సభ భావిస్తోంది.

పోల్చేందుకు అందరికీ తట్టే మార్గం ఒక మంచి షూటర్ చేతికి అన్ని రివాల్వర్లూ ఇచ్చి పేల్పించడం. ఈ ప్రతిపాదన సభలో వచ్చింది, సభ దాన్ని తిరస్కరించింది. ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఒకరి లైసెన్సు మీదున్న ఆయుధాన్ని ఆ లైసెన్సుదారు సమక్షంలోనో రాతపూర్వక అనుమతితోనో మరొకరు పట్టుకెళ్లవచ్చు. అయితే అది మరమ్మతుకూ, లైసెన్సు పునరుద్ధరణకూ, ఆ లైసెన్సుదారు వాడకానికీ మాత్రమే. మార్చుకుని పేల్చి చూసుకోవడం ఆ మినహాయింపులో లేదు. చాలా రేంజిలలో ఇది చూసీచూడనట్టు సాగిపోతుందని కొందరు సభ్యులు అన్నారు. చూసీచూడనట్టు సాగిపోయేవాటి మీద సంఘం తన పద్ధతిని కట్టుకోదు.

కాబట్టి ఎవరి రివాల్వర్ వారే పేల్చాలి. అలాగైతే రివాల్వర్ గొప్పతనమెంత, చేతి గొప్పతనమెంత అని విడదీసేదెలా? ఈ తీర్మానం మొత్తం ఆ ఒక్క చిక్కు చుట్టూ అల్లుకున్నదే.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల మిలిటరీ పిస్టల్ పోటీకి బోస్టన్‌కు చెందిన జాన్ పెయిన్, సమ్నర్ పెయిన్ అన్నదమ్ములు వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ కోల్ట్ రివాల్వర్లే. జాన్ 442 పాయింట్లతో మొదటి స్థానం, సమ్నర్ 380తో రెండో స్థానం పొందారు. ఒకే కంపెనీ ఆయుధం, ఒకే ఇంటి వాళ్లు, మధ్యలో 62 పాయింట్లు. తరువాత 30 మీటర్ల ఫ్రీ పిస్టల్ పోటీ నుంచి జాన్ తప్పుకుంటే సమ్నర్ అందులో గెలిచాడు. అతని స్కోరు సరిగ్గా 442. ఈ రెండు పోటీల ఫలితాలు చూసి ఆయుధం గురించి ఎవరైనా ఏం చెప్పగలరు?

సభ గుర్తించిన సాంకేతిక విషయాలు

రివాల్వర్ గురిని పిస్టల్ గురిని కొలిచినట్టే కొలవకూడదు. పిస్టల్‌లో తూటా పేలే గది ఒక్కటే, అది బ్యారెల్‌లో భాగం. రివాల్వర్‌లో సిలిండర్‌లోని ఆరు గదులు (చాంబర్లు) వంతులవారీగా తిరిగి వచ్చి బ్యారెల్ వెనక నిలబడతాయి. ఆరూ ఒకే చోట, ఒకే కొలతతో, ఒకే వరుసలో ఆగాలి. ఏదో ఒక చాంబర్ కాస్త పక్కకు ఆగినా, దాని నోటి కొలత కాస్త తేడాగా ఉన్నా, బుల్లెట్ బ్యారెల్ మొదట్లోని గరాటు భాగంలో ఒక వైపు ఒరుసుకుంటూ పోతుంది. అయిదు గుళ్లు ఒక చోట, మిగిలిన ఒకటి ప్రతిసారీ రెండంగుళాలు ఎడమకు పడుతున్న సభ్యుడు తన ట్రిగ్గర్ వేలిని తిట్టుకుంటూ ఉంటాడు. తప్పు వేలిది కాకపోవచ్చు, నాలుగో చాంబర్‌ది కావచ్చు. ఏ గుండు ఏ చాంబర్ నుంచి వచ్చిందో రాసుకోనంత కాలం ఆ సంగతి తేలదు.

సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సన్నని ఖాళీ వల్ల కొంత గ్యాసు పక్కలకు పోతుంది. దీన్ని మూసేయడానికి 1895 నాటి నగాంట్ రివాల్వర్‌లో సిలిండర్‌నే ముందుకు జరిపి బ్యారెల్‌కు అదిమే ఏర్పాటు చేశారు. సోవియట్ కాలంలో అదే సూత్రం మీద టార్గెట్ రివాల్వర్లు కూడా తయారయ్యాయి. మన .32 రివాల్వర్లలో అది లేదు. ఆ ఖాళీ వల్ల గురికి కలిగే నష్టం కంటే పక్కన నిలబడ్డవారికి కలిగే ప్రమాదమే సభను ఎక్కువ కలవరపరిచింది. దాని సంగతి కింద 5వ అంశంలో ఉంది.

ఇక తూటా. ".32 అంటేనే గురి ఉండదు" అనే మాట సంఘంలో తరచూ వినిపిస్తోంది. ఇది పొరపాటని సభ స్పష్టం చేస్తోంది. .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటా 1896 నుంచి ఉంది. అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) నియమాల ప్రకారం జరిగే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీల్లో ప్రపంచంలోని ఉత్తమ షూటర్లు చాలా మంది ఎంచుకునేది ఈ తూటానే. కాకపోతే మొన మొండిగా ఉండి కాగితాన్ని గుండ్రంగా కత్తిరించే వాడ్‌కట్టర్ బుల్లెట్‌తో, ప్రత్యేకంగా కట్టిన టార్గెట్ పిస్టళ్లలో వాడతారు. ఆ పోటీలో ప్రెసిషన్ టార్గెట్ మీద పది పాయింట్ల గుండ్రం అడ్డుకొలత 50 మిల్లీమీటర్లే. 2006 దోహా ఆసియా క్రీడల్లో భారత షూటర్ జస్పాల్ రాణా 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ సెంటర్ ఫైర్ పోటీలోనే. తూటాలో ఉన్న సత్తాను మన జేబు రివాల్వర్ ఎంతవరకు రాబడుతోంది అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

పొట్టి బ్యారెల్ విషయంలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. బ్యారెల్ పొట్టిదైనంత మాత్రాన గుండు దారి తప్పదు. తప్పేది కంటి లెక్క. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 100 మిల్లీమీటర్లు ఉన్న రివాల్వర్‌లో, గురి చూసేటప్పుడు ముందు సైటు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే 15 మీటర్ల దూరంలో గుండు 150 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. ఆ దూరం 200 మిల్లీమీటర్లయితే అదే పొరపాటుకు 75 మిల్లీమీటర్లే. పొట్టి రివాల్వర్ గురి చూసేవారి తప్పును రెట్టింపు చేసి చూపిస్తుంది. చేతులు సంచి మీద ఆనించి, సైట్లు స్థిరంగా పెట్టి పేలిస్తే చాలా పొట్టి రివాల్వర్లు యజమానులనే ఆశ్చర్యపరుస్తాయి.

బరువు గురించి సభలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పాత కాన్పూరు రివాల్వర్ సుమారు 700 గ్రాములు, నిర్భీక్ సుమారు 500 గ్రాములు. తేలికది రోజంతా నడుముకు భారం కాదు, పేల్చినప్పుడు మాత్రం ఎక్కువ ఎగురుతుంది. బరువైనది పేల్చినప్పుడు నెమ్మది, మోసేటప్పుడు విసుగు. ఏది మంచిదో సభ చెప్పదు. అయితే ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. బుల్లెట్ బ్యారెల్ విడిచి వెళ్లేలోపే రివాల్వర్ మూతి పైకి లేవడం మొదలవుతుంది. ఆ లేవడాన్ని లెక్కలోకి తీసుకునే సైట్లు అమరుస్తారు. కాబట్టి పట్టు వదులైతే ఒక చోట, బిగిస్తే మరో చోట గుళ్లు పడతాయి. పైన పట్టుకుంటే ఒక ఎత్తు, కింద పట్టుకుంటే మరో ఎత్తు. పిడి పొట్టిగా ఉండి చిటికెన వేలికి చోటు దొరకని రివాల్వర్లలో ఈ తేడా మరింత. మే నెలలో అరచేతులు చెమటతో జారుతున్నప్పుడు వేసిన గ్రూపును డిసెంబరు గ్రూపుతో పోల్చడం కూడా ఇందుకే కుదరదు.

అన్నిటి కంటే పెద్ద తగాదా ట్రిగ్గర్‌ది. హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగి పేల్చే సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ కొద్దిగా కదిలితే చాలు. హ్యామర్‌ను లేపడం, సిలిండర్‌ను తిప్పడం, వదలడం అన్నీ ఒకే లాగుడులో జరిగే డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ చాలా దూరం, చాలా బరువుగా ప్రయాణిస్తుంది. "డబుల్ యాక్షన్‌లో గురి అన్నది అబద్ధం" అని ఒక సీనియర్ సభ్యులు అన్నారు. దీనికి జవాబుగా మరొకరు ఎడ్ మెక్‌గివర్న్ పేరు ఎత్తారు. అమెరికాలో 1932లో ఆయన డబుల్ యాక్షన్ రివాల్వర్‌తో అయిదు గుళ్లు 0.45 సెకన్లలో పేల్చి, అన్నిటినీ ఒక్క చోట దగ్గర దగ్గరగా పెట్టాడు. ఆ చేతిని మన సగటు సభ్యుడికి కొలమానంగా తీసుకోలేం. కానీ పరిమితి యంత్రానిది కాదనడానికి ఆ రికార్డు చాలు. ఈ సందర్భంలో హాల్లో ఎవరి లైసెన్సు మీదా లేని కోల్ట్ పైథాన్ అనే అమెరికన్ రివాల్వర్ గురించి చర్చ చాలాసేపు సాగింది. అధ్యక్షులు ఆపించారు.

పై విషయాలను దృష్టిలో పెట్టుకుని ఈ సభ ఇలా తీర్మానిస్తోంది:

1. సంఘం ఆవరణలో గానీ సంఘం పేరుతో గానీ ఏ రివాల్వర్ గురి గురించైనా తీర్పు చెప్పదలచిన సభ్యులు, ముందుగా తమ సొంత రివాల్వర్‌తో కింది మూడు దశలూ పూర్తి చేయాలి. దూరం అన్ని దశలకూ 15 మీటర్లు. 25 మీటర్లలో పొట్టి రివాల్వర్ డబుల్ యాక్షన్ గుళ్లు కాగితం దాటిపోయే అవకాశం ఉంది, కాగితం మీద పడని గుండును కొలవలేం.

మొదటి దశలో బల్ల దగ్గర కూర్చుని, ఇసుక సంచి మీద చేతులు ఆనించి సింగిల్ యాక్షన్‌లో 30 గుళ్లు పేల్చాలి. సంచికి తగలవలసింది చేతులే. బ్యారెల్ ఆనించినా, పిడి అడుగు భాగం ఆనించినా గుండు పడే చోటు మారుతుంది. ఇందుకోసం ఆరు నల్ల గుండ్రాలున్న ప్రత్యేక కాగితం అచ్చు వేయిస్తారు, ఒక్కో చాంబర్‌కు ఒక్కో గుండ్రం. చాంబర్లకు తుడిస్తే పోయే ఇంకుతో అంకెలు వేసుకోవాలి. అలా అయిదు సిలిండర్లు పూర్తయ్యేసరికి ఒక్కో చాంబర్ నుంచి అయిదేసి గుళ్లు వస్తాయి. ఏ చాంబర్ గుంపు తక్కినవాటి నుంచి పక్కకు జరిగి ఉందో కాగితమే చెబుతుంది.

రెండో దశలో నిలబడి, రెండు చేతులతో, సింగిల్ యాక్షన్‌లో 18 గుళ్లు. మూడో దశ అంతా రెండో దశలాగే, డబుల్ యాక్షన్‌లో. ఈ రెండు దశలకూ వేర్వేరు కాగితాలు వాడాలి.

ఏ గుండునూ లెక్క నుంచి తీసివేయకూడదు. "అది నా చెయ్యి జారింది" అన్న గుండు కూడా లెక్కలోకి వస్తుంది. చేతిలోంచి జారే గుణం రివాల్వర్‌ది కూడా కావచ్చు కదా. మొత్తం 66 తూటాలూ ఒకే రోజు పేల్చనక్కర్లేదు. ఎవరి లైసెన్సు మీద రాసి ఉన్న తూటాల పరిమితిని బట్టి వారు విడతలుగా పూర్తి చేసుకోవచ్చు.

2. కొలత. గ్రూపులో దూరదూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరాన్నే గ్రూపు పరిమాణంగా చెప్పే అలవాటు అందరిదీ. దాన్ని రాసుకోవచ్చు గానీ పోలికకు వాడకూడదు. ఒకే ఒక్క దారి తప్పిన గుండు మొత్తం లెక్కను మింగేస్తుంది, తక్కిన గుళ్లు చెప్పే సంగతి వినబడదు. గ్రూపు మధ్యబిందువును గుర్తించి, అక్కడి నుంచి ఒక్కో రంధ్రం ఎంత దూరంలో ఉందో కొలిచి, సగటు తీయాలి. మొదటి దశలో ఆరు గుండ్రాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు భావించి 30 గుళ్లకూ కలిపి సగటు తీయాలి.

మొదటి దశ సగటు రివాల్వర్ గురికి దగ్గరి కొలత. రెండు, మూడు దశల సగటులు దానికి ఎన్ని రెట్లున్నాయన్నది ఒడుపుకు కొలత. ఎవరి రివాల్వర్ వారే పేల్చాలన్న నియమం కింద మనకు దొరికిన దారి ఇదే. ఒక సభ్యుణ్ణి మరో సభ్యుడితో పోల్చడం మానేసి, అతణ్ణి అతనితోనే పోల్చడం. ఉదాహరణకు ఒకరి రివాల్వర్ సంచి మీద 20 మిల్లీమీటర్ల సగటు ఇచ్చి, నిలబడి డబుల్ యాక్షన్‌లో 100 ఇచ్చిందనుకుందాం. మరొకరిది సంచి మీద 30, నిలబడి 75. మొదటిది గురి గల రివాల్వర్ అనడంలో సందేహం లేదు. కానీ దాని గురి యజమానికి చేరడం లేదు. రెండోదాని యజమాని తన రివాల్వర్ ఇవ్వగలిగినదానిలో ఎక్కువ భాగం అందుకుంటున్నాడు. అతనికి కొత్త రివాల్వర్ అవసరం ఉందని ఎవరూ సలహా ఇవ్వకూడదు. మొదటి యజమానికి కూడా, పిడి మార్చుకోవడమో సాధన పెంచుకోవడమో చెప్పకుండా, "అమ్మేసి ఇంకోటి కొను" అని చెప్పకూడదు.

3. ట్రిగ్గర్ బరువును తూకపు రాళ్లతో కొలిచి సింగిల్, డబుల్ యాక్షన్ రెండూ నమోదు చేయాలి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ సెంటర్ ఫైర్ పోటీల్లో ట్రిగ్గర్ కనీస బరువు 1000 గ్రాములన్నది అవగాహన కోసం చెబుతున్నాం. జేబు రివాల్వర్ నుంచి దాన్ని ఆశించి ఇంట్లో ఆకురాయి పట్టుకోవద్దు. హ్యామర్ స్ప్రింగు మెత్తబడితే ట్రిగ్గర్ తేలికవుతుంది నిజమే, కానీ హ్యామర్ దెబ్బ బలం తగ్గి తూటా పేలకపోవడం మొదలవుతుంది. ట్రిగ్గర్ పని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేతే చేయించాలి.

4. మూడు దశలకూ ఒకే లాట్ తూటాలు వాడాలి. పెట్టె మీది లాట్ నంబరు కాగితం మీద రాయాలి. నిరుడు మిగిలిన అర పెట్టె, ఈ ఏడు కొన్న పెట్టె కలిపి పేల్చిన ఫలితాలను సంఘం స్వీకరించదు. లైసెన్సు లేకుండా తూటాలు సొంతంగా నింపుకోవడం నేరమని వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఒక సభ్యులు అడిగారు కాబట్టి నమోదు చేస్తున్నాం.

5. భద్రత. ఈ అంశంపై సభలో భిన్నాభిప్రాయం లేదు.

పైన చెప్పిన ఖాళీలోంచి గ్యాసు పక్కలకు పోతుంది కాబట్టి సిలిండర్ ముందు భాగానికి రెండు పక్కలా ఏ వేలూ ఉండకూడదు. పిస్టల్ అలవాటుతో ఎడమ చేతి బొటనవేలిని ముందుకు చాచి పట్టుకునేవారు రివాల్వర్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ పట్టును మార్చుకోవాలి. పక్క పక్క ఫైరింగ్ పాయింట్ల మధ్య అడ్డు పలకలు లేకుండా రివాల్వర్లు పేల్చడానికి వీల్లేదు. కళ్లద్దాలూ చెవి రక్షణా పేల్చేవారితో పాటు చూసేవారికీ తప్పనిసరి.

పేలినప్పుడు చప్పుడు మామూలు కంటే తక్కువగా వచ్చిందనిపిస్తే ఆ క్షణమే ఆపాలి. పిస్టల్‌లో మందు చాలని తూటా పడితే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక సాధారణంగా యంత్రమే మొరాయిస్తుంది. రివాల్వర్‌కు ఆ మొరాయింపు లేదు. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉన్నా ట్రిగ్గర్ లాగితే తరువాతి చాంబర్ బుద్ధిగా వచ్చి నిలబడుతుంది, దాని బుల్లెట్ వెళ్లి ముందుదాన్ని గుద్దుకుంటుంది. బ్యారెల్ ఉబ్బడమో చీలడమో అప్పుడే జరుగుతుంది. నెమ్మదిగా పోయే .32 బుల్లెట్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మూడో దశలో వేగంగా పేల్చే ఉత్సాహం ఉంటుంది కాబట్టి, ప్రతి సిలిండర్ తరువాతా రంధ్రాలు లెక్కపెట్టి ఆరూ కాగితం మీద ఉన్నాయని రేంజి అధికారి చూసుకున్నాకే తరువాతి ఆరు నింపాలి. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. వెంటనే తెరవకూడదు.

పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చేవారి గురించి ఈ తీర్మానం ఏమీ చెప్పదు. వారికి రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో ఉంటాయని 2019 సవరణ చెప్పేసింది.

6. కొలతలకు అందని ఒడుపు గురించి ప్రతి యజమానీ తన మాటల్లో అర పేజీ రాయాలి. ఆరు గుళ్లు పేల్చేసరికి పట్టు జారిందా, మధ్యలో సర్దుకోవలసి వచ్చిందా, సిలిండర్ తెరిచి ఖాళీ కేసులు తీసి మళ్లీ నింపడానికి చెయ్యి ఎటు తిరగాల్సి వచ్చింది, ఎడమ చేతివాటం వారికి గడియ అందిందా వంటివి రాస్తే చాలు. పైభాగం విరిచి తెరిచే రివాల్వర్లలో ఆరు కేసులూ ఒక్కసారిగా బయటపడతాయి. సిలిండర్ పక్కకు తెరుచుకునే ప్రహార్ లాంటివాటిలో పద్ధతి వేరు. రెండూ అలవాటైనవారు మనలో లేరు కాబట్టి ఇక్కడ పోలిక రాయకుండా అనుభవం మాత్రమే రాయాలి.

చత్వారం వచ్చిన సభ్యుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చేయి చాపిన దూరంలో ముందు సైటు మసకబారితే గ్రూపు విచ్చుకుంటుంది, ఆ నింద రివాల్వర్ మీద పడుతుంది. నలభై అయిదు దాటిన సభ్యులు పరీక్షకు ముందు కంటి డాక్టర్ దగ్గర ముందు సైటు దూరానికి అద్దాలు సరిచూసుకోవాలి. చదువుకునే అద్దాలతో వచ్చినవారి ఫలితాలు స్వీకరించరు.

7. డబుల్ యాక్షన్‌లో గ్రూపు మరీ విచ్చుకున్నవారికి ఫలితం ఇచ్చే ముందు రేంజి అధికారి ఒక చిన్న పరీక్ష పెట్టాలి. సిలిండర్‌లో కొన్ని చాంబర్లలో తూటాలు, కొన్నింట్లో పేలిన ఖాళీ కేసులు పెట్టి, యజమానికి తెలియకుండా తిప్పి మూయాలి. ఇందుకు అధికారి యజమాని పక్కనే ఉండి, రివాల్వర్ యజమాని చేతిలోనే ఉంచి నింపించాలి. ఖాళీ కేసు మీద హ్యామర్ పడినప్పుడు మూతి కిందికి వంగితే, ఆ వంపు భయం వల్ల వచ్చినది. దానికి మందు రివాల్వర్ మార్పు కాదు. ఈ పరీక్షకు రివాల్వర్ కంటే అనువైన ఆయుధం లేదన్నది రేంజి అధికారి అభిప్రాయం, సభ అంగీకరిస్తోంది.

8. కొత్తగా చేరినవారికి తేలికపాటి .32 రివాల్వర్‌తో మొదటి పాఠాలు చెప్పకూడదు. ఎయిర్ పిస్టల్, తరువాత .22, ఆ తరువాతే .32. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల వయసులో జాతీయ ఛాంపియన్ అయింది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ రజతం తరువాతి సంగతి.

9. ఫలితాలు సంఘం రిజిస్టరులో ఉంటాయి. రివాల్వర్ రకం, బ్యారెల్ పొడవు, ట్రిగ్గర్ బరువు, మూడు సగటులు, ఆ అర పేజీ మాత్రమే సభ్యులు చూడవచ్చు. యజమాని పేరు, లైసెన్సు వివరాలు, ఆయుధం నంబరు విడిగా, తాళం వేసిన బీరువాలో. "ఉత్తమ రివాల్వర్" అంటూ వరుస క్రమం తయారుచేయడం గానీ నోటీసు బోర్డులో పెట్టడం గానీ ఉండదు. ఒక రకానికి చెందిన ఒకటో రెండో రివాల్వర్ల ఫలితాలతో ఆ కంపెనీ మొత్తం మీద మాట చెప్పలేం. డీలర్ల నుంచి పరీక్ష కోసం ఆయుధాలు గానీ, తూటాలపై రాయితీలు గానీ సంఘం తీసుకోదు. ప్రకటనల్లో చెప్పే దూరాలను, ప్రహార్‌కు చెబుతున్న 50 మీటర్ల దూరంతో సహా, రిజిస్టరులో చేర్చకూడదు. గుండు ఎంత దూరం పోతుందన్నదీ, మనిషి ఎంత దూరంలో గురి పెట్టగలడన్నదీ వేర్వేరు సంగతులు.

10. ఆరు గుండ్రాల కాగితాలు, అడ్డు పలకలు, ఇసుక సంచుల ఖర్చును కోశాధికారి రేంజి నిర్వహణ పద్దు కింద భరిస్తారు. తూటాల ఖర్చు ఎవరిది వారే.

నమోదు చేసిన అసమ్మతులు

ఇద్దరు సీనియర్ సభ్యులు దూరాన్ని 25 మీటర్లుగానే ఉంచాలని పట్టుబట్టారు. పోటీ దూరం కాని దూరంలో తీసిన కొలతకు విలువ లేదని వారి వాదన. పొట్టి రివాల్వర్ల యజమానులను ఊరుకోబెట్టడానికే 15 మీటర్లు పెట్టారని కూడా వారు అన్నారు. ఈ మాట నమోదు చేయాలని వారు కోరగా అధ్యక్షులు అనుమతించారు. పొడవు బ్యారెల్ ఉన్నవారు తమ ఇష్టం మేరకు 25 మీటర్లలోనూ అదనంగా మొదటి దశ పేల్చుకుని రిజిస్టరులో వేరే పేజీలో రాసుకోవచ్చని సభ సర్దుబాటు చేసింది. అసమ్మతి తెలిపినవారు ఈ సర్దుబాటును అంగీకరించలేదు.

ఒక న్యాయవాది సభ్యులు 7వ అంశానికి అసమ్మతి తెలిపారు. యజమాని చేతిలోనే రివాల్వర్ ఉన్నా, నింపే పనిలో మరొకరి చెయ్యి కలవడాన్ని 3వ సెక్షన్ ఎలా చూస్తుందో స్పష్టత లేదని వారి అభిప్రాయం. లైసెన్సింగ్ అధికారికి కార్యదర్శి లేఖ రాసి రాతపూర్వక సమాధానం తెప్పించాలని, అది వచ్చేవరకు 7వ అంశాన్ని అమలు చేయకూడదని సభ నిర్ణయించింది. మిగిలిన అంశాలన్నీ వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి అమల్లోకి వస్తాయి.